పాఠకుల ప్రశ్నలు: ఎండాకు తెగులు వెనుక జన్యువులు

ప్రశ్న: నేను ఉప్పల్‌లో ఉంటున్నాను. మిర్యాలగూడ వైపు మా నాన్నగారు చాలా ఏళ్లుగా బీపీటీ 5204 (సాంబ మసూరి) వరి వేస్తున్నారు. పోయిన వానాకాలంలో గాలివాన వెలిశాక ఆకులు కొన నుంచి అంచుల వెంట పసుపు తిరిగి ఎండిపోయాయి. దుకాణంలో ఇచ్చిన అగ్గి తెగులు మందు కొట్టినా లాభం లేకపోయింది. ఇది బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులని తర్వాత చెప్పారు. కంటికి కనపడని జీవి ఏపుగా ఉన్న పైరును ఎలా లొంగదీసుకుంటుంది?

జవాబు: ముందుగా తెగులును నిర్ధారించుకునే పద్ధతి చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారి ఖర్చు వృథా అయింది అక్కడే. గాజు గ్లాసులో తేట నీరు పోసి, ఆకును పసుపు, పచ్చ రంగులు కలిసే చోట అడ్డంగా కోసి, కోసిన కొన నీటిలో మునిగేలా నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో ఆ కొన నుంచి సన్నని తెల్లటి ధార కిందికి దిగి నీరు మసకబారితే అది బాక్టీరియాయే. అగ్గి తెగులుకు కారణం శిలీంధ్రం కనుక దాని మందు ఇక్కడ పనిచేయదు. తెల్లవారుజామున ఇదే స్రావం ఆకు మీద చిన్న బొట్లుగా కనిపించి, ఎండెక్కాక పసుపు పూసలుగా గట్టిపడుతుంది.

ఈ బాక్టీరియా పేరు గ్జాంథోమొనాస్ ఒరైజే. ఆకు అంచున నీరు ఊరే సూక్ష్మ రంధ్రాల గుండా, లేదా గాలికి ఆకులు ఒరుసుకున్నప్పుడు పడే గాయాల గుండా ఇది లోపలికి చేరి, నీటిని మోసే దారు నాళాల్లో స్థిరపడుతుంది. చేరినంత మాత్రాన తెగులు రాదు. దాని క్రోమోజోములో హెచ్‌ఆర్‌పీ అనే జన్యువుల గుంపు ఉంది. పుష్టికరమైన ప్రయోగశాల ఆహారంలో పెరిగేటప్పుడు దాదాపు మౌనంగా ఉండే ఈ గుంపు, మొక్కలో అడుగుపెట్టగానే మేల్కొంటుంది. ఇది నిర్మించే మూడో రకం స్రావక వ్యవస్థ సూది వంటి నిర్మాణం. దాని ద్వారా బాక్టీరియా తన ప్రోటీన్లను నేరుగా వరి కణంలోకి ఎక్కిస్తుంది. ఈ జన్యువులను చెరిపివేసిన బాక్టీరియా వరిలో తెగులు కలిగించలేదు. అంటే వ్యాధికారక శక్తికి తాళంచెవి అక్కడే ఉందన్నమాట.

అలా ఎక్కించే ప్రోటీన్లలో టాల్ ఎఫెక్టర్లు అనేవి నా దృష్టిలో జీవశాస్త్రంలోనే అరుదైన చతురత. ఇవి వరి కణ కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్‌ఏ మీద ఒక నిర్దిష్ట వరుసను వెతికి పట్టుకుని, దాని పక్కనున్న జన్యువును పనిచేయిస్తాయి. ఈ ప్రోటీనులో సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి పదే పదే పునరావృతమవుతుంది. ముక్కల మధ్య ముఖ్యమైన తేడా 12, 13 స్థానాల్లో ఉంటుంది. ఆ జంట హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అయితే ఆ ముక్క డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్‌ను, ఆస్పరజిన్, గ్లైసిన్ అయితే థైమిన్‌ను పట్టుకుంటుంది. ఒక ముక్కకు ఒక అక్షరం చొప్పున నడిచే ఈ సంకేతాన్ని 2009లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఛేదించాయి. బాక్టీరియా ప్రోటీనును చదివి అది వరిలో ఏ జన్యువుపై వాలుతుందో ముందే అంచనా వేసే వీలు అప్పటి నుంచే కలిగింది.

మరి అది మేల్కొలిపే జన్యువు ఏది? చాలా సందర్భాల్లో చక్కెరను కణం బయటికి పంపే స్వీట్ జన్యువే. పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అనే టాల్ ఎఫెక్టర్ వరిలోని స్వీట్ 11ను ఆన్ చేస్తుంది. మనం ఆఫీసులో ఉన్నప్పుడు మన ఇంటి నల్లా తిప్పి బిందెలు నింపుకునే మనిషి తీరు దీనిది: నల్లా మనదే, పైపు మనదే, తిప్పే చెయ్యి మాత్రం పరాయిది. కణాల వెలుపలికి వచ్చిన చక్కెరతో బాక్టీరియా సంఖ్య పెంచుకుని నాళాలను నింపుతుంది, ఆకు ఎండుతుంది. పరాయి జన్యువులేవీ మొక్కలో చేరకుండానే, మొక్క సొంత జన్యువులతోనే ఇదంతా జరిగిపోతుంది.

ప్రశ్న: రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. ఎండాకు తెగులును తట్టుకునే జన్యువుల్లో ఎక్స్‌ఏ 21 బహిర్గత జన్యువని (ఒక ప్రతి ఉన్నా పనిచేసేది), ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అంతర్గత జన్యువులని (రెండు ప్రతులూ ఉంటేనే పనిచేసేవి) పాఠంలో ఉంది. తెగులును ఆపే జన్యువు అంతర్గతం కావడమేమిటి?

జవాబు: మంచి ప్రశ్న. పై జవాబు చదివితే సగం తేలిపోతుంది. ఎక్స్‌ఏ 13 విడిగా ఉండే రక్షక జన్యువు కాదు, స్వీట్ 11కే మరో రూపం. దాని ప్రోటీనులో లోపం లేదు. జన్యువు ముందుండి దాన్ని ఆన్ చేసే ప్రమోటర్ భాగంలో వరుస మారింది, అందుచేత పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అక్కడ వాలలేదు. జత క్రోమోజోముల్లో ఒకదాని మీద పాత వరుస మిగిలినా బాక్టీరియాకు అది చాలు. రెండు ప్రతుల్లోనూ మారితేనే రక్షణ కనుక ఈ లక్షణం అంతర్గతంగా నడుస్తుంది. జన్యువును మొత్తంగా తీసేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. స్వీట్ 11 పుప్పొడికి కూడా అవసరం. దాన్ని అణచివేసిన మొక్కల్లో పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది.

ఎక్స్‌ఏ 5 మరో తీరు. జన్యువుల్ని చదివే యంత్రాంగంలోని ఒక ప్రోటీనులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడంతో, టాల్ ఎఫెక్టర్లు దాన్ని సరిగా వాడుకోలేవు. ఎక్స్‌ఏ 21 మాత్రం నిజంగా కాపలా జన్యువు. ఒరైజా లాంజిస్టామినేటా అనే ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన దీన్ని, 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం వేరుచేసి చూపింది. ఇది కణం పొర మీద నిలబడి, బాక్టీరియా విడుదల చేసే రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడును (పొట్టి ప్రోటీను ముక్కను) గుర్తించి రక్షణను మొదలుపెడుతుంది. గుర్తించడానికి ఒక ప్రతి ఉన్నా చాలు, కాబట్టి బహిర్గతం.

ప్రశ్న: మలక్‌పేటలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. ‘మెరుగైన సాంబ మసూరి’ జన్యుమార్పిడి బియ్యమేనా అని గిరాకీలు అడుగుతున్నారు. తెగులు సోకిన వరి బియ్యం తింటే మనుషులకు ఏమైనా అవుతుందా?

జవాబు: రెండో దానికి: కాదు, ఈ బాక్టీరియా మనుషులకు సోకదు. మొదటిదానికీ కాదనే జవాబు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంచాలకాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) కలిసి రూపొందించి 2008లో విడుదలైన ఈ రకాన్ని పాత పద్ధతిలో సంకరం చేసే తయారుచేశారు. పై జవాబులో చెప్పిన మూడు ఎక్స్‌ఏ జన్యువులూ ఉన్న వంగడాన్ని సాంబ మసూరితో కలిపి, ఆ సంతతిని తిరిగి సాంబ మసూరితోనే పలుమార్లు సంకరం చేశారు. కొత్తదనం ఎంపికలో ఉంది. అంతర్గత జన్యువు ఒక ప్రతిగా ఉన్నప్పుడు తెగులు పరీక్షకు దొరకదు, పైగా ఎక్స్‌ఏ 21 ఉంటే మిగతా రెండింటి ఉనికి కనబడదు. అందువల్ల ప్రతి తరంలోనూ లేత మొక్కల డీఎన్‌ఏను మార్కర్లతో (జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తులతో) పరీక్షించి ఏరారు. గింజ సన్నదనం, వండితే వచ్చే అన్నం తీరు పాతవే. 2025లో ప్రకటించిన ‘కమల’ వరి వేరు. అది సాంబ మసూరికి జన్యు సవరణ చేసి దిగుబడి కోసం తెచ్చినది, ఈ తెగులుతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: మూడు జన్యువులున్న రకం వేస్తే ఇక ఎండాకు తెగులు రానట్టేనా? (నల్లగొండ జిల్లా రైతు, ప్రస్తుతం వనస్థలిపురం)

జవాబు: చాలా వరకు రాదు, శాశ్వతంగా రాదని మాత్రం చెప్పలేము. ఎక్స్‌ఏ 21 ఒక్కదానికే లొంగని బాక్టీరియా రకాలు భారతదేశంలో ఇప్పటికే కనిపించాయి. ఎక్స్‌ఏ 13కు స్వీట్ 11 ముందరి చోటు మారిందే తప్ప, వేరే టాల్ ఎఫెక్టర్ స్వీట్ 13ను గాని స్వీట్ 14ను గాని తెరవగలదు. మూడింటినీ కలపడంలో ఉద్దేశం, ఒకే బాక్టీరియా మూడు అడ్డంకులనూ ఒకేసారి దాటడం కష్టమన్నదే. స్వీట్ జన్యువుల ప్రమోటర్లు మూడింటినీ ఒకేసారి సవరించిన వరిని 2019లో పరిశోధకులు చూపారు.

పొలంలో రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఎక్స్‌ఏ 21 బలం ఎదిగిన మొక్కలోనే పూర్తిగా ఉంటుంది, నారుమడిలో తక్కువ. కాబట్టి నాటేముందు నారు కొనలు తుంచే అలవాటు మీ వైపు ఉంటే మానుకోండి, తుంచిన ప్రతి కొనా బాక్టీరియాకు తెరిచిన దారే. యూరియాను ఒకేసారి గుప్పించకుండా దఫాలుగా వేయండి, తెగులు కనిపించాక మాత్రం తగ్గేవరకు నిలిపివేయండి.