పాపనే అడగండమ్మా

ప్రశ్న: మాది అనంతపురం. మా పాప విజయవాడలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవులకు ఇంటికొస్తే ఫోన్లో ‘రిజ్’, ‘ఘోస్ట్ చేశాడు’, ‘సిచ్యుయేషన్‌షిప్’ అంటూ ఏవేవో మాట్లాడుతుంది. చెడ్డ మాటలేమోనని టెన్షన్ పడి మా అక్క కొడుకును అడిగాను. వాడు నవ్వి, పోయి పాపకే చెప్పేశాడు. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, పాప మిద్దె మీదికి పోతోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీరుస్తాను. ‘రిజ్’ బూతు మాట కాదు. ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు అని అర్థం. ‘కరిజ్మా’ అన్న ఇంగ్లీషు మాటకు ముందూ వెనకా కోసేసి వాడుతున్నారు. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా దీన్నే ఎంచుకున్నారు. ‘ఘోస్ట్ చేయడం’ అంటే ఏ కారణమూ చెప్పకుండా ఫోన్లు ఎత్తడం, మెసేజ్‌లకు బదులివ్వడం మానేసి మాయమైపోవడం. ప్రేమ అని ఒప్పుకోరు, వట్టి స్నేహమనీ అనరు, అట్లాంటి పేరు పెట్టని దగ్గరితనమే ‘సిచ్యుయేషన్‌షిప్’.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. కానీ మాయమైపోయిన ఆ పిల్లవాడు మీ పాపకు తెలిసినవాడా, స్నేహితురాలికి తెలిసినవాడా? దాని వల్ల మీ పాప బాధపడుతోందా? అది మీ అక్క కొడుకుకూ తెలియదు, నాకూ తెలియదు. పాపనే అడగాలి.

ఎట్లా అడగాలంటే, చుట్టాల ముందు వద్దు. ఫోన్ పెట్టేయగానే అసలే వద్దు. సాయంత్రం ఇద్దరూ కూర్చుని శెనక్కాయలు ఒలిచేటప్పుడైతే చేతులకు పని ఉంటుంది, ముఖాముఖి చూసుకోవాల్సిన ఇబ్బంది ఉండదు. ‘పాపా, ఘోస్ట్ చేయడమంటే ఏంది? తెలీకనే అడుగుతాండా’ అనండి. ఒక్క మాట గురించే అడగండి. చెప్పింది విని ఊరుకోండి. ‘అయితే వాడెవడు?’ అని వెంటనే రెండో ప్రశ్న వేశారంటే, మొదటిది దానికోసమే అడిగారని పాపకు అర్థమైపోతుంది. ‘నీకెందుకులేమ్మా’ అన్నా కోపం తెచ్చుకోవద్దు. రెండ్రోజులాగి తనే చెప్పొచ్చు.

ఇంకో సంగతి. మీ పాప కూడా విజయవాడలో మరమరాలను ‘బొరుగులు’, ఉల్లిపాయలను ‘ఎర్రగడ్డలు’ అని, అవేంటని అక్కడివాళ్లతో అడిగించుకునే ఉంటుంది. తెలియక అడిగేవాళ్లెవరో, ఎగతాళికి అడిగేవాళ్లెవరో ఆ పిల్ల ఇట్టే కనిపెడుతుంది. మీరు నిజంగా తెలియకే అడుగుతున్నారు కాబట్టి జంకాల్సిన పనే లేదు.

ఒక్క మాట విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ‘అన్‌అలైవ్’ అని ఎప్పుడైనా వినబడితే అది చావు గురించి, చాలాసార్లు ఆత్మహత్య గురించి అనే మాట. సరదాకు అనేవాళ్లూ ఉన్నారు. అయినా ఆరోజే పక్కన కూర్చుని, ‘నీకేమైనా అట్లా అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే పాపను ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సేవ. డబ్బులు పడవు, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాప మనసు నొచ్చుకుంది ఆ మాటల వల్ల కాదేమో, అమ్మ తనను కాదని అన్నను అడిగిందని అయ్యుండొచ్చు. అందుకే పై ప్రశ్నలన్నిటికంటే ముందు, ‘నిన్నే అడగాల్సింది పాపా, వాణ్ని అడిగినా’ అని చెప్పండి. సెలవులు అయిపోయేలోపే చెప్పండి.