పాఠం అప్పజెప్పినట్టు వస్తోంది, ఏం చేయను?

ప్రశ్న: ఆఫీసు ఫోన్‌కి వాయిస్‌మెయిల్ పెట్టారు. పలకరింపు ఎన్నిసార్లు రికార్డ్ చేసినా పాఠం అప్పజెప్పినట్టే ఉంటోంది. పైగా చాలామంది మెసేజ్ పెట్టకుండానే కట్ చేస్తున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు నిడివి తగ్గించండి, 20 సెకన్లు చాలా ఎక్కువే. ఫోన్ చేసినవాళ్లకి మొదట కావాల్సింది సరైన మనిషికే చేశామా లేదా అన్నది, కాబట్టి మీ పేరు, విభాగం మొదటి వాక్యంలోనే రావాలి. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ లాంటివి తీసి పారేయండి, ఎవరూ నమ్మరు. ఇలా చెప్పి చూడండి: ‘నమస్కారం, అకౌంట్స్ నుంచి సునీతని. ఇప్పుడు ఫోన్ తీయలేకపోతున్నాను. మీ పేరు, నంబర్, ఏ బిల్లు గురించో చెప్పండి, సాయంత్రంలోగా నేనే చేస్తాను.’ ఏ విషయమో అడిగితే జనం తడుముకోకుండా మాట్లాడతారు, ఎప్పుడు చేస్తారో చెబితే కట్ చేయడం కూడా తగ్గుతుంది, అయితే చేయగలిగిన గడువే చెప్పండి. అర్జెంటు పనులకి ఇంకో నంబర్ ఉంటే నిదానంగా, రెండుసార్లు.

ఇక అప్పజెప్పినట్టు ఉండటమంటారా, కాగితం మీద ముఖ్యమైన మాటలే రాసుకుని, లేచి నిలబడి, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు చెప్పండి. స్పీకర్‌లో కాకుండా రిసీవర్ పట్టుకునే రికార్డ్ చేయండి, ఫ్యాన్ ఆపేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి చేసి వినండి. సెలవు మీద వెళ్తే మార్చండి, తిరిగొచ్చిన రోజే మళ్లీ మార్చండి, ఎందుకంటే పోయిన నెల తేదీ చెప్పే పలకరింపు కన్నా అసలు లేకపోవడమే నయం.