పాత మేనేజర్‌తో గొడవపడి మానేస్తే కొత్త ఉద్యోగం పోతుందా?

చాలావరకు పోదు, కొత్త కంపెనీ సరిచూసేది ముఖ్యంగా మీ రికార్డును, మేనేజర్ కోపాన్ని కాదు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీలు ఈ పనిని ఎక్కువగా బయటి వెరిఫికేషన్ ఏజెన్సీలకు అప్పగిస్తాయి. వాళ్లు పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడిగేవి చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఒక్కోసారి చివరి జీతం. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారా అన్న ప్రశ్న కూడా కొన్ని ఫారాల్లో ఉంటుంది. నోటీసు ఇవ్వకుండా మాయమైనవాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే. సీనియర్ పోస్టులకైతే మేనేజర్‌తో మాట్లాడటమూ ఉంటుంది. రెఫరెన్స్‌గా ఆయన పేరే కావాలని కొత్త కంపెనీ పట్టుబట్టకపోతే, మీ పని తెలిసిన మరో సీనియర్ పేరు ఇవ్వొచ్చు.

మార్చిలో మానేసి, రెజ్యూమెలో జూన్ దాకా చేసినట్టు రాశారనుకోండి. మేనేజర్ ఎంత పొగిడినా ఆ మూడు నెలల తేడా దగ్గర ఆఫర్ ఆగిపోవచ్చు. అదే రోజూ గొడవలైనా సరే, తేదీలు సరిపోయి రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు పాత కంపెనీ ఇచ్చే పత్రం) చేతిలో ఉంటే సాధారణంగా పని జరిగిపోతుంది.

నాలుగు నెలలు చేసిన చిన్న కంపెనీ పేరు రాయకపోతే ఎవరికీ తెలియదనుకోవడం పొరపాటు. అక్కడ పీఎఫ్ కట్టి ఉంటే యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబర్) సర్వీస్ హిస్టరీలో ఆ పేరు కనిపిస్తుంది. పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయకపోతే ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు అనుమానమూ వస్తుంది. దీనికి టెన్షన్ అక్కర్లేదు, మానేసిన రెండు నెలల తర్వాత పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో మీరే ఆ తేదీ నమోదు చేసుకోవచ్చు.