వరిగడ్డితో ఇంటి దగ్గర ఇథనాల్ సాధ్యమేనా?

సందేహం: మాది విజయనగరం జిల్లా గజపతినగరం మండలం. ఖరీఫ్‌లో వరి, రబీలో మొక్కజొన్న వేస్తాను. ఐదు పశువులు, దీనబంధు రకం గోబర్ గ్యాస్ గుంత ఉన్నాయి. గడ్డి, చొప్పల నుంచి పెట్రోలులో కలిపే ఇథనాల్ తీస్తున్నారట. దానిని ఇంటి దగ్గర చిన్న ఎత్తున తయారు చేసుకోవచ్చా? నెల క్రితం గుంతలో వరిగడ్డి ముక్కలు వేసినప్పటి నుంచి గ్యాస్ బాగా తగ్గిపోయింది. ఏం చేయాలి?

సమాధానం: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. గడ్డిలో చక్కెర పుష్కలంగా ఉంది, కానీ సూక్ష్మజీవులకు సులువుగా అందే రూపంలో లేదు.

చెరకు రసంలోని చక్కెరను ఈస్ట్ నేరుగా తిని ఆల్కహాలుగా మారుస్తుంది. మొక్కజొన్న గింజలో ఉన్నది పిండి పదార్థం కాబట్టి దానిని ముందుగా ఎంజైములతో చక్కెరగా విడగొడతారు. అది కష్టమైన పని కాదు, టన్ను గింజల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. వరిగడ్డిలో మాత్రం చక్కెరలు సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ అనే పొడవాటి గొలుసులుగా పెనవేసుకొని ఉంటాయి. వాటిని లిగ్నిన్ అనే గట్టి పదార్థం కప్పి ఉంచుతుంది, దానికి తోడు వరిలో ఇసుక జాతికి చెందిన సిలికా కూడా ఎక్కువ. మీ ప్రాంతంలో గోగు కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు జరిగేది గమనించండి: బాక్టీరియా పెక్టిన్‌ను కరిగించి నారను విడదీస్తుంది, కానీ అన్ని రోజులు నీటిలో నానినా ప్రధానంగా సెల్యులోజ్ అయిన ఆ నార గట్టిగానే మిగులుతుంది.

ఆ సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైములను పరిశ్రమలు ముఖ్యంగా ట్రైకోడెర్మా రీసై అనే శిలీంద్రం నుంచి పొందుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలను తినేస్తుండగా దీనిని గుర్తించారు. మీరు విత్తనశుద్ధికి వాడే ట్రైకోడెర్మా విరిడి కూడా ఈ కుటుంబానిదే. ఎంజైములు పని చేయాలంటే గడ్డిని ముందుగా ఆమ్లంతో గాని, అధిక పీడనంలోని ఆవిరితో గాని మెత్తబరచాలి. ఆ తర్వాత కూడా హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరను సాధారణ ఈస్ట్ తినలేదు, దానికి ప్రత్యేక రకాలు కావాలి. ఆఖరున బట్టీ పట్టినా నాలుగైదు శాతం నీరు మిగిలిపోతుంది, దానిని వేరే పద్ధతిలో తొలగిస్తే తప్ప పెట్రోలులో కలపడానికి వీలుండదు. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా నిర్మించారు. అంటే టన్నుకు 150 లీటర్లు. ఇది ఇంటి పెరట్లో సాధ్యమయ్యే పని కాదు. పైగా అనుమతి లేకుండా ఆల్కహాల్ తయారు చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇంటి స్థాయి ఇథనాల్ యంత్రమని ఎవరైనా అమ్మజూపితే దయచేసి డబ్బు కట్టకండి.

అయితే గడ్డిని ఇంధనంగా మార్చే ఏర్పాటు మీ పశువుల సాలలోనే ఉంది. ఆవు గడ్డిని నమిలి, నెమరువేసి, మొదటి పొట్టలోని సూక్ష్మజీవులతో సెల్యులోజ్‌ను చాలావరకు విడగొట్టుకుంటుంది. మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవులు పేడతో పాటే గుంతలోకి చేరుతాయి. అందువల్ల గడ్డి ముందు పశువుకు, పేడ తర్వాత గుంతకు అన్నదే నా సలహా. రోజుకు 50 కిలోల పేడను సమానంగా నీటితో కలిపి వేస్తే సుమారు 2 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది, అది ఐదారుగురి వంటకు సరిపోతుంది.

మీ గుంతలో గ్యాస్ తగ్గడానికి రెండు కారణాలు ఉండవచ్చు. తేలికైన గడ్డి ముక్కలు పైకి తేలి చాపలా అల్లుకొని గ్యాస్‌ను పైకి రానివ్వకపోవడం ఒకటి. రెండోది, గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ కావడం. పేడలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 పాళ్ల వరకు ఉంటుంది, వరిగడ్డిలో అది 80 పాళ్లకు చేరుతుంది. నత్రజని చాలక సూక్ష్మజీవులు పెరగలేవు. ఆమ్లాలు తయారు చేసే బాక్టీరియా ముందుండి మీథేన్ తయారు చేసేవి వెనుకబడితే గుంత పులుస్తుంది. బయటకు వచ్చే స్లర్రీ పుల్లని వాసన వేస్తూ, పులుపును కొలిచే పీహెచ్ కాగితం 6.5 కంటే తక్కువ చూపి, పొయ్యి మంట నిలవక ఆరిపోతుంటే ఇదే జరిగిందని అర్థం.

వారం పాటు కొత్తగా ఏమీ వేయకండి. పొడవాటి వెదురు కర్రతో పేడ వేసే గొట్టం నుంచి రోజూ కలియబెట్టండి. పులుపు ఉంటే కొద్దికొద్దిగా సున్నపు తేట పోసి, పీహెచ్ 7కు చేరగానే ఆపండి. బాగా పనిచేస్తున్న పొరుగువారి గుంత నుంచి రెండు మూడు బక్కెట్ల స్లర్రీ తెచ్చి పోస్తే త్వరగా కోలుకుంటుంది. తర్వాత పేడను సగం మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. పేడ కలిపే నీటిలో కొంత భాగం పశువుల మూత్రం చేరిస్తే నత్రజని లోటు తీరుతుంది. ఏ కారణంతోనూ గుంతలోకి మనిషి దిగకూడదు, మూత దగ్గర దీపం, బీడీ వంటివి ఉండకూడదు. ఊపిరాడక గాని, మంట అంటుకొని గాని ప్రాణాపాయం కలుగుతుంది.

ఇక మొక్కజొన్న చొప్పను తగలబెట్టకండి. పచ్చిగా ఉన్నది ముక్కలు చేసి మేతగా వాడండి, ఎండినది గత్తం కుప్పలో పొరలుగా పేర్చి పైన గోబర్ గ్యాస్ స్లర్రీ పోయండి. కర్బనం గ్యాస్‌గా వెళ్లినా నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు స్లర్రీలోనే మిగులుతాయి కాబట్టి, చొప్ప త్వరగా చివకడంతో పాటు ఖరీఫ్ దమ్ముకు ముందు పొలానికి మంచి ఎరువు సిద్ధమవుతుంది.