కొత్త బోర్డు, కొత్త తెరచాప: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇటీవల విండ్‌సర్ఫింగ్ పరికరాలు కొనుక్కున్న పాఠకులను, ఏమి కొన్నారో, మొదటిసారి నీటిమీద అవి ఎలా అనిపించాయో రాయమని కోరాము. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ పరికరం మీద ఏదో ఒక ఫిర్యాదు ఉంది. వాటిలో ఎక్కువ భాగం పరికరాన్ని బిగించిన పద్ధతి వల్ల గానీ, ఎంచుకున్న నీటి వల్ల, గాలి వల్ల గానీ వచ్చినవేనని మా అభిప్రాయం. అందుచేత కొన్న వస్తువును అమ్మివేయాలని తొందరపడే ముందు ఈ సమాధానాలను ఒకసారి ఓపికగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: నా బరువు 72 కిలోలు. గోవాలో ఒకరు వాడిన 155 లీటర్ల బోర్డును, 6.5 చదరపు మీటర్ల తెరచాపను, 460 సెంటీమీటర్ల మాస్ట్‌ను (తెరచాపను నిలబెట్టే స్తంభం) కొన్నాను. బోర్డు నాకు బాగా నచ్చింది, దాని మీద నిలబడగలుగుతున్నాను. తెరచాప మాత్రం విపరీతమైన బరువుగా ఉంది. మాస్ట్ పొడవునా అడ్డంగా ముడతలు పడుతున్నాయి. దిశ మార్చినప్పుడు తెరచాపలోని అడ్డకర్రలైన బ్యాటెన్లు మాస్ట్‌కు అతుక్కుపోయి తిరగడం లేదు. గాలి కాస్త పెరిగితే చేతులు లాగేస్తున్నాయి. పాత తెరచాప కావడం వల్ల సాగిపోయిందని స్నేహితులు అంటున్నారు. కొత్తది కొనమంటారా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: కొనవద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ, అంటే అడ్డ ముడతలు, తిరగని బ్యాటెన్లు, గాలి పెరిగినప్పుడు చేతుల మీద పడే బరువు, ఒకే కారణం వల్ల వచ్చేవి. తెరచాపను కిందికి లాగి బిగించే డౌన్‌హాల్ తాడును మీరు చాలినంతగా లాగలేదు. మీరు పంపిన ఫొటోలో తెరచాప అడుగున ఉన్న కప్పీకి, మాస్ట్ అడుగు భాగంలోని కప్పీకి మధ్య బెత్తెడు ఖాళీ స్పష్టంగా కనిపిస్తున్నది. ఆ ఖాళీ దాదాపు పూర్తిగా పోవాలి.

ముందుగా తెరచాప అడుగు మూల దగ్గర ముద్రించిన అంకెలను చూడండి. అక్కడ మాస్ట్ వైపు అంచు పొడవు, బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డ కర్ర) పొడవు, సరిపోయే మాస్ట్ పొడవు ఉంటాయి. మీ తెరచాపకు అంచు పొడవు 464 సెంటీమీటర్లని రాశారు కనుక, 460 మాస్ట్‌కు కింద అమర్చే పొడిగింపు గొట్టాన్ని 4 సెంటీమీటర్ల దగ్గర పెట్టాలి. ఆ తరువాత నేలమీద కూర్చొని, రెండు పాదాలనూ మాస్ట్ అడుగుకు తన్నిపెట్టి, తాడును ఒక గట్టి కర్రకు చుట్టి, చేతులతో కాకుండా నడుము బలంతో వెనక్కి వాలుతూ లాగాలి. తాడు ఆరు వరుసలుగా కప్పీల గుండా పోతుంది కాబట్టి, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే రాపిడి పెరిగి, ఎంత బలవంతుడైనా లాగలేడు. ఈ ఒక్క విషయం సరిచూసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

ఎంతవరకు లాగాలన్నది చాలామందికి వచ్చే సందేహం. తెరచాప పైభాగంలో, వెనుక అంచు దగ్గర గుడ్డ వదులై, చేత్తో కదిపితే అటూ ఇటూ ఊగే స్థితి వచ్చేవరకు లాగాలి. కొత్తవారికి ఇది తప్పుగా అనిపిస్తుంది, ఎందుకంటే తెరచాప అంతా బిగుతుగా, నున్నగా ఉంటేనే మంచిదని మనం సహజంగా భావిస్తాము. నిజానికి ఆ వదులు భాగమే గాలి ఒక్కసారిగా పెరిగినప్పుడు విచ్చుకొని, అదనపు గాలిని పైనుంచి వెనక్కి వదిలేస్తుంది. అది బిగిసిపోయి ఉంటే ఆ బలమంతా మీ చేతుల మీదికి, వీపు మీదికి వస్తుంది. నల్లగొండ చుట్టుపక్కల గాలి సముద్రపు గాలిలా ఒకే వేగంతో వీచదు. గుట్టలను, రాళ్లబోళ్లను దాటుకొని విసురులు విసురులుగా వస్తుంది కనుక, ఇక్కడ డౌన్‌హాల్‌ను తీరప్రాంతం వారికంటే ఒక సెంటీమీటరు ఎక్కువే లాగమని నేను చెబుతాను. బూమ్ చివరి తాడును మాత్రం అతిగా లాగకండి. తెరచాప తటస్థంగా నిలిచిన చోటు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు చాలు. బూమ్‌ను మీ భుజం ఎత్తున బిగించండి.

ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా 6.5 మీటర్ల తెరచాప నేర్చుకునేవారికి పెద్దదేనన్నది నా నిశ్చితాభిప్రాయం. నీటిలో పడ్డ తెరచాపను తాడుతో మళ్లీ మళ్లీ పైకి లాగడంలోనే కొత్తవారి శక్తి అంతా కరిగిపోతుంది. ఎవరి దగ్గరనైనా ఐదు మీటర్లది అరువు తెచ్చుకొని కొంతకాలం దానితో నేర్చుకుంటే, మీ 6.5 తెరచాప తేలిక గాలి వీచే రోజులకు చక్కగా పనికివస్తుంది. బోర్డు విషయంలో మీ ఎంపిక సరైనది. ఒక లీటరు పరిమాణం సుమారుగా ఒక కిలో బరువును తేలుస్తుంది. మీ బరువుకు బోర్డు, తెరచాప, మాస్ట్‌ల బరువు కలిపినా ఇంకా యాభై, అరవై లీటర్ల వెసులుబాటు మిగులుతుంది. అందుకే దానిమీద నిలబడగలుగుతున్నారు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. కారు డిక్కీలో పడుతుందని, గాలి నింపే బోర్డును నాలుగు మీటర్ల తెరచాపతో సహా కొన్నాను. అనుమతి తీసుకొని కోయిల్‌సాగర్‌లో దించాను. ఎంతో ఆనందం కలిగింది కానీ, బోర్డు మధ్యలో కుంగుతున్నది, పైగా ఎటు పోదామన్నా గాలివాటుకే కొట్టుకుపోయి అవతలి గట్టున తేలుతున్నాను. బోర్డును మోసుకుంటూ తిరిగి నడిచి రావలసి వస్తున్నది.
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: అమ్మా, మొదటి సమస్య పంపుతో తీరుతుంది. వాల్వ్ పక్కన ఎంత ఒత్తిడి ఉండాలో ముద్రించి ఉంటుంది. ఈ రకం బోర్డులకు అది సాధారణంగా 12 నుంచి 15 పీఎస్ఐ మధ్య ఉంటుంది. ఏడెనిమిది దాటిన తరువాత చేతి పంపు బరువెక్కుతుంది కనుక, అక్కడే చాలునని చాలామంది ఆపివేస్తారు. బయట చేత్తో నొక్కితే గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, మాస్ట్ బరువు, మనిషి బరువు ఒకేచోట పడగానే కుంగుతుంది. ముద్రించిన అంకె వరకు తప్పక నింపండి. అయితే మన ఎండలను కూడా గుర్తుంచుకోవాలి. ఉదయం చల్లటి వేళ నింపిన బోర్డును మధ్యాహ్నం గట్టుమీద ఎండలో వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, అతుకులు విడిపోయే ప్రమాదం ఉంది. విశ్రాంతి తీసుకునేటప్పుడు నీడలో ఉంచండి, నీడ లేకపోతే కొంత గాలి తీసివేయండి.

రెండవది బోర్డు నిర్మాణానికి సంబంధించినది. గాలికి అడ్డంగా పోవాలంటే, బోర్డు పక్కకు జారిపోకుండా నీటిలో ఏదో ఒకటి ఆపాలి. గట్టి బోర్డులలో నేర్చుకునేవారికోసం మధ్యలో నీటిలోకి నిలువుగా దిగే పలక, అంటే డాగర్‌బోర్డు, ఉంటుంది. మీ దానికి తోకవైపు అడుగున ఉన్న చిన్న రెక్క, అంటే ఫిన్, ఒక్కటే ఉన్నట్టు రాశారు. అడుగున మధ్యభాగంలో రెండవ ఫిన్ పెట్టడానికి గాడి ఉన్నదేమో చూడండి. ఉంటే ఆ ఫిన్ తెప్పించుకోవడంతో మీ సమస్య చాలావరకు తీరుతుంది. అది లేని బోర్డుతో గాలికి ఎదురెక్కడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే, కాబట్టి మీ నేర్పులో లోపమని కుంగిపోవలసిన పని లేదు.

అంతవరకు గాలి మీ మీదికి వచ్చే గట్టు నుంచి దిగండి. వానాకాలపు పడమటి గాలిలో తూర్పు గట్టున దిగితే, ఏమి జరిగినా అదే గట్టుకు కొట్టుకువస్తారు. కట్టే తూర్పున ఉన్న చెరువులలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, తూముల వైపు, అలుగు వైపు కొట్టుకుపోయే వీలున్న చోట అసలు దిగవద్దు. వనపర్తి దగ్గరి సరళాసాగర్ వంటి చోట నీరు నిండగానే సైఫన్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, ఎవరూ వచ్చి గేటు ఎత్తరు, హెచ్చరికా ఉండదు. అటువంటి కట్టకు చాలా దూరంగా ఉండటం అవసరం.

ప్రశ్న: మృగశిర కార్తె రాగానే గాలి బాగుందని నాగార్జునసాగర్ వెనుక జలాలలో కొత్త బోర్డు దించాను. మొదటి పరుగు అద్భుతం. రెండవ పరుగులో ఫిన్ ఏదో రాయికి తగిలి ఎగిరి పడ్డాను. ఫిన్ విరిగింది, దాని గాడి పక్కన వెంట్రుకంత చీలిక కనిపిస్తున్నది. దీనిని ఊళ్లో బండ్ల బాడీలు బాగుచేసే షాపులో పూడ్పించవచ్చా?
— ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మీకు దెబ్బ తగలలేదని ఆశిస్తున్నాను. ముందు బోర్డు సంగతి చూద్దాం. ఆ షాపులలో వాడేది ఎక్కువగా పాలిస్టర్ రెజిన్. మీ బోర్డు లోపల ఉన్నది థర్మోకోల్ జాతికి చెందిన ఫోమ్. పాలిస్టర్ రెజిన్ తగిలితే ఆ ఫోమ్ కరిగిపోయి లోపల గుల్ల ఏర్పడుతుంది. అందుచేత ఎపాక్సీ రెజిన్‌తో మాత్రమే పూడ్చాలి. అంతకుముందు ఆ చీలికలోంచి నీరు లోపలికి పోయిందేమో తెలుసుకోవాలి. బోర్డును తూచి, కొన్నప్పటి బరువుతో పోల్చండి. పెరిగి ఉంటే చీలిక కిందికి ఉండేట్టు నీడలో నిలబెట్టి, పూర్తిగా ఆరేవరకు ఆగండి. తడి ఉండగా మూసిన గాడి మరుసటి దెబ్బకే ఊడివస్తుంది. బొటనవేలితో చుట్టూ నొక్కి చూసినప్పుడు ఎక్కడైనా మెత్తగా తగిలితే, అక్కడ పై పొర ఫోమ్ నుంచి విడిపోయిందని అర్థం.

ఇక ఆ రాయి విషయం. మన ప్రాంతపు విండ్‌సర్ఫర్లందరూ తెలుసుకోవలసిన చిక్కు ఇందులో ఉంది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నైరుతి గాలి బలంగా, రోజంతా వీస్తుంది. కానీ కృష్ణ వరద ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి సాగర్‌కు చేరేసరికి సాధారణంగా జూలై చివరో, ఆగస్టో అవుతుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. గాలి మనకు అనుకూలించే నెలల్లో నీరు దానికి ఎంతో కిందికి పడిపోయి ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు మీటర్ల లోతున ఉండే బండలు, ఎండిన చెట్ల మోళ్లు అప్పుడు నీటి పైపొరకు జానెడు కిందికి వస్తాయి, అలలలో అవి కంటికి కనబడవు. పరికరం ఎంత మంచిదైనా ఈ స్థితిలో దానికి రక్షణ లేదు.

దీనికి నాకు తెలిసిన పరిష్కారం రెండు విధాలు. మొదటిది, అక్కడ చేపలు పట్టేవారిని అడగడం. ఏ వంపులో బండ ఉందో, ఎక్కడ వలలు కట్టారో, ఏ ఒడ్డున మొసళ్లు ఎండకు పడుకుంటాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారి వలలకు మన ఫిన్ తగిలితే నష్టపోయేది వారి జీవనాధారం కనుక, ఆ మాట అడగడం మన బాధ్యత కూడా. రెండవది, పొడవైన నిలువు ఫిన్‌కు బదులు వెనక్కి బాగా వాలి ఉండే పొట్టి ఫిన్ వాడటం. అది గుర్రపుడెక్కను, నాచును, వల తాడును పట్టుకోకుండా జారవిడుస్తుంది. కాస్త వేగం తగ్గుతుంది, ఆ నష్టాన్ని భరించవచ్చు. కొనేముందు మీ బోర్డు గాడి ఏ రకానిదో చూసుకోండి, ఒక రకం గాడికి మరొక రకం ఫిన్ పట్టదు.

ప్రశ్న: మాది వనపర్తి. హైదరాబాదులో చదువుతున్న పద్నాలుగేళ్ల మా అబ్బాయి హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ పడవ నేర్చుకున్నాడు. ఇప్పుడు విండ్‌సర్ఫింగ్ కావాలంటున్నాడు. ఒలింపిక్స్‌లో నీటిపైకి లేచి ఎగిరే బోర్డు చూశాడు, అదే కొనమంటున్నాడు.
— ఒక తండ్రి

సమాధానం: ఒలింపిక్స్‌లో 1984 నుంచి పురుషులకు, 1992 నుంచి మహిళలకు విండ్‌సర్ఫింగ్ పోటీలు ఉన్నాయి. 2008 నుంచి టోక్యో వరకు ఆర్ఎస్ ఎక్స్ బోర్డు వాడారు, 2024 పారిస్‌లో దాని స్థానంలో మీ అబ్బాయి చూసిన ఐక్యూ ఫాయిల్ వచ్చింది. దాని అడుగున దాదాపు మీటరు లోతు దిగి, బోర్డును నీటిపైకి లేపే రెక్కల అమరిక, అంటే ఫాయిల్, ఉంటుంది. పైన చెప్పిన బండల కథ వల్ల మన జలాశయాలలో దానిని దించే చోట్లు తక్కువ, పడినప్పుడు దాని రెక్కల అంచులు గాయపరచగలవు. ధర కూడా చాలా ఎక్కువ. అతని వయసుకు టెక్నో 293 తగినది. 293 సెంటీమీటర్ల పొడవు, 205 లీటర్ల పరిమాణం, మధ్యలో డాగర్‌బోర్డు ఉన్న ఈ బోర్డు మీద ప్రపంచమంతటా పిల్లలు పోటీపడతారు, అందుచేత వాడినవి కూడా దొరుకుతాయి. తెరచాప 5.8 మీటర్లతో మొదలుపెట్టి, బరువు పెరిగేకొద్దీ 6.8కి మారవచ్చు. ఆప్టిమిస్ట్‌లో గాలిని చదవడం నేర్చిన పిల్లవాడు చాలా త్వరగా అందుకుంటాడు, ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న: నడుముకు కట్టే హార్నెస్ కొన్నాను. మొదటిసారి వాడినప్పుడు కొక్కెం తగిలించగానే తెరచాప నన్ను ముందుకు విసిరివేసింది. మళ్లీ వాడాలంటే భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, గద్వాల

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి, బూమ్‌కు కట్టిన, కొక్కెం తగిలించే పట్టీలు బాగా వెనక్కి ఉన్నట్టున్నాయి. అందువల్ల ముందు చేతిపై బరువంతా పడి, విసురు వచ్చినప్పుడు తెరచాప మూసుకుపోయింది. ఒడ్డున నిలబడి, మాస్ట్ అడుగును పాదంతో అదిమి, తెరచాపను గాలికి నిలిపి, పట్టీ ఉన్నచోట ఒక్క చేత్తో పట్టుకొని చూడండి. రెండు వైపులా సమంగా తూగే చోటు దొరికేవరకు పట్టీలను కొద్దికొద్దిగా ముందుకు జరపండి. వాటి రెండు కొనల మధ్య బెత్తెడు కన్నా ఎక్కువ దూరం ఉంచకండి. పట్టీ పొడవుకు, మోచేతిని బూమ్‌కు ఆనించి పట్టీని లాగితే మణికట్టు వరకు రావాలన్నది పాత కొలత, మొదలుపెట్టడానికి అది చాలు. తగిలించుకోవడం, విడిపించుకోవడం ఒడ్డునే అలవాటయ్యాక, గంటకు 18 కిలోమీటర్ల లోపు నిలకడ గాలిలో, నడుము లోతు నీటిలో, లైఫ్ జాకెట్ మీదనే కట్టుకొని మళ్లీ ప్రయత్నించండి. జూరాల వెనుక జలాలలో సాధన చేస్తున్నామన్నారు. ఎగువ నుంచి వరద వస్తున్న రోజులలో, గేట్లు ఎత్తి ఉన్నప్పుడు అక్కడ నీటిలోకి దిగవద్దు. ప్రవాహం ఆనకట్ట వైపు లాగుతుంది, తెరచాప పడిపోతే దానిని ఎదుర్కొనే శక్తి ఏ బోర్డుకూ లేదు. ఆ వారాలను ఒడ్డున పట్టీలు సరిచేసుకోవడానికి కేటాయించండి.