ఫాఫ్సా చిన్నదైంది, పేచీ అలాగే ఉంది

ఈసారి ఉత్తరాలు తెరిస్తే సగానికి పైగా ఒకటే గోల, ఫాఫ్సా. అమెరికాలో కాలేజీలో చేరే పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే గ్రాంట్లకీ లోన్లకీ వేసే దరఖాస్తు అది. 2020 డిసెంబరులో చేసిన చట్టంతో దాన్ని కుదించారు. ఒకప్పుడు 108 ప్రశ్నలుండేవి, ఇప్పుడు కొందరు 18 ప్రశ్నలతో బయటపడొచ్చు. కానీ ఆ కొత్త ఫారం మొదటిసారి వచ్చినప్పుడు, అంటే 2024-25కి, అక్టోబరులో తెరవాల్సింది డిసెంబరు ఆఖరికి తెరిచారు. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేని తల్లిదండ్రులైతే మార్చి దాకా నింపలేకపోయారు. ఆ ఏడాది మా ఇంట్లోనూ ఒక ఫారం ఉంది, అర్ధరాత్రి రెండింటికి లాగిన్ అయితే పని చేస్తుందని ఎవరో చెబితే అలారం పెట్టుకుని లేచాం, పని చెయ్యలేదు. అప్పటి కథలు ఇంకా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి, అందుకే ఈ భయాలన్నీ. 2026-27 ఫారం మాత్రం 2025 సెప్టెంబరు 24నే తెరిచారు. అక్టోబరు ఒకటి దాటకూడదని ఇప్పుడు చట్టమే ఉంది.

ప్రశ్న: మేం హెచ్-1బి మీద ఉన్నాం, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. అమ్మాయి ఇండియాలో పుట్టింది, హెచ్-4 డిపెండెంట్ వీసా నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారి కాలేజీ మూడో ఏడు చదువుతోంది. బాబు ఇక్కడే పుట్టాడు, ఈ ఏడాది చేరతాడు. ఇద్దరికీ వేయొచ్చా? మావారేమో "మన జీతానికి పైసా రాదు, గవర్నమెంటుకి మన లెక్కలన్నీ చెప్పడం ఎందుకు" అంటున్నారు.
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు అమ్మాయి సంగతి. ఎఫ్-1 మీద ఉన్నా హెచ్-4 మీద ఉన్నా ఫెడరల్ సాయం రాదు, గ్రీన్ కార్డు ఫైలు పెండింగులో ఉన్నా రాదు. క్యాంపస్‌లో పని చేసి ఎస్‌ఎస్‌ఎన్ తెచ్చుకున్నా అదే మాట. ఇంకో ముఖ్యమైన విషయం, ఎవరో చెప్పారని ఆ ఫారంలో "సిటిజన్" అని టిక్కు పెట్టించకండి. సిటిజన్ కాకుండా సిటిజన్ననడం ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద తప్పు, దాంతో జీవితాంతం గ్రీన్ కార్డుకే ఎసరు వస్తుంది. అమ్మాయికి కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్పులే దారి. ప్రైవేటు కాలేజీల్లో కొన్ని సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే వేరే ఫారం అడుగుతాయి, అది విదేశీ విద్యార్థులూ వేయొచ్చు.

బాబుకి మాత్రం నిశ్చింతగా వేయండి. మీ వీసా ఏదన్నది లెక్కలోకి రాదు, పిల్లాడు సిటిజన్ అయితే చాలు.

ఇక మీవారి మాట. సగం నిజమే. ఇద్దరి ఐటీ జీతాలుంటే పెల్ గ్రాంటు రాదు, దాని గరిష్ఠమే ఏడాదికి 7,395 డాలర్లు, అదీ తక్కువ ఆదాయం వాళ్లకి. కానీ ఫాఫ్సా అంటే పెల్ ఒక్కటే అనుకోవడంలోనే మనవాళ్లు పొరబడుతున్నారు. బాబు పేరు మీద అన్‌సబ్సిడైజ్డ్ లోను, అంటే చదువుతున్నప్పుడే వడ్డీ పడే లోను, మొదటి ఏడు 5,500 డాలర్ల వరకు, మీ జీతం ఎంతైనా ఇస్తారు, పూచీగా ఇంకొకరి సంతకం అక్కర్లేదు. పైగా చాలా కాలేజీలు సొంత డబ్బు ఇవ్వాలన్నా ముందు ఫాఫ్సా చూపించమంటాయి. తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే పేరెంట్ ప్లస్ అనే లోను మాత్రం హెచ్-1బి తల్లిదండ్రులకి రాదు. అలా రాని కారణంగా బాబుకే మొదటి ఏడు ఇంకో 4,000 దాకా లోను పెంచే వీలుంటుంది, కాలేజీ ఎయిడ్ ఆఫీసులో అడగండి, అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

లెక్కలు చెప్పడం గురించి అంటారా, ఆ లెక్కలు ఐఆర్‌ఎస్, అంటే అమెరికా పన్ను శాఖ, దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. మీవారే ఏటా ఏప్రిల్‌లో పంపిస్తున్నారు కదా!

ప్రశ్న: మా పెద్దవాడప్పుడు "ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే సగం తగ్గిస్తారు" అన్నారు. ఇప్పుడు రెండోవాడూ చేరుతున్నాడు, ఏమీ తగ్గలేదు. మేమేదైనా తప్పు నింపామా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: తప్పు మీది కాదు. ఆ రాయితీని ఈ మార్పుల్లోనే తీసేశారు. ఇదివరకు తల్లిదండ్రులు కట్టగలరని లెక్కకట్టిన మొత్తం 40,000 అయితే, ఇద్దరు చదువుతుంటే ఒక్కొక్కరికి 20,000గా చూసేవారు. ఇప్పుడు ఇద్దరికీ 40,000 చొప్పునే. ఎంతమంది చదువుతున్నారని ఇప్పటికీ అడుగుతారు, ఫెడరల్ లెక్కలో మాత్రం కలపరు. అడిగి పక్కన పెట్టడమేమిటో నాకూ అర్థం కాలేదు గానీ, ఆ సమాధానాన్ని కాలేజీలు తమ డబ్బు ఇచ్చేటప్పుడు చూసుకోవచ్చు. కాబట్టి ఎయిడ్ ఆఫీసుకి ఒక మెయిల్ రాయండి, ఇద్దరి ఫీజు బిల్లులూ జతచేసి.

అన్నట్టు ఆ లెక్కకట్టిన మొత్తానికి పేరు కూడా మారింది, ఈఎఫ్‌సీ పోయి ఎస్‌ఏఐ వచ్చింది. అది సున్నా కంటే కిందికి, మైనస్ 1,500 దాకా కూడా పోవచ్చు. తక్కువ సంఖ్య వచ్చిందని కంగారుపడి ఫోన్ చేసినవాళ్లున్నారు, తక్కువ రావడమే మంచిదండీ.

ప్రశ్న: అందరి అకౌంట్లూ మావారే తన ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో చేస్తున్నారు. నాది మాత్రం అవడం లేదు. నాకు ఎస్‌ఎస్‌ఎన్ లేదు, పన్ను కట్టడానికిచ్చే ఐటిన్ నంబరు ఉంది. గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– అట్లాంటా

జవాబు: నాకొచ్చే ఫోన్లలో పదింట ఏడు ఇదే కథ! మన ఇళ్లల్లో కరెంటు బిల్లు నుంచి టాక్సుల దాకా ఆయన ఒక్క ఈమెయిల్ మీదే నడుస్తాయి. పాత ఫాఫ్సాకి అది సరిపోయేది, ఒకరు కూర్చుని అన్నీ నింపేసేవారు. కొత్త దాంట్లో కష్టం అంకెలు నింపడంలో లేదు, మనుషుల్ని కలపడంలో ఉంది. విద్యార్థి ఒకరు, లెక్కలు ఇవ్వాల్సిన ప్రతి పెద్దా ఒక కాంట్రిబ్యూటరు, ఎవరి అకౌంటు వాళ్లదే, ఎవరి సంతకం వాళ్లదే. ఒకరి ఈమెయిలూ ఫోనూ ఇంకొకరి అకౌంటుకి పనికిరావు. మీది ఆగింది అక్కడే అయ్యుండొచ్చు.

అయితే అసలు మీకు అకౌంటు అవసరమా అన్నది ముందు చూడండి. మీరిద్దరూ కలిపి జాయింటుగా టాక్సు ఫైల్ చేస్తే ఒక్కరు కాంట్రిబ్యూటరుగా ఉంటే చాలు, రెండోవాళ్ల వివరాలు కాస్త అడుగుతారంతే. ఎస్‌ఎస్‌ఎన్ ఉన్న మీవారినే ఆ ఒక్కరుగా పెట్టండి. వేరువేరుగా ఫైల్ చేస్తే మాత్రం ఇద్దరూ కావాలి. అప్పుడు మీరు "ఎస్‌ఎస్‌ఎన్ లేదు" అన్న దగ్గర టిక్కు పెట్టి, మీ సొంత ఈమెయిల్‌తో చేసుకోండి.

ఇంకో చిక్కు మన పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోచోట, డ్రైవింగ్ లైసెన్సులో అసలు పేరే సగం. ఎస్‌ఎస్‌ఎన్ ఉన్నవాళ్లు ఆ కార్డు మీద ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టాలి. సంతోషించాల్సిన విషయం ఒకటుంది, ఈ ఏడాది ఫారంలో పిల్లలు తల్లిదండ్రుల్ని పిలవడానికి ఈమెయిల్ ఉంటే సరిపోతుంది, ఎస్‌ఎస్‌ఎన్ ఉన్నవాళ్ల అకౌంటు కూడా అప్పటికప్పుడే ఖాయమవుతోంది.

సమ్మతి అన్న బటన్ దగ్గర మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి. ఐఆర్‌ఎస్ నుంచి మీ పన్ను వివరాలు నేరుగా తెచ్చుకోడానికి ఒప్పుకుంటున్నానని అది. ఒక్క కాంట్రిబ్యూటరు ఒప్పుకోకపోయినా పిల్లాడికి ఫెడరల్ సాయం మొత్తం పోతుంది, పన్నే ఫైల్ చెయ్యనివాళ్లు కూడా ఒప్పుకోవాల్సిందే. అలా వచ్చిన అంకెలు మీకు తెర మీద కనబడవు, కనబడలేదని మళ్లీ మొదటినుంచి నింపకండి.

ప్రశ్న: 2024లో ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. పోయిన వేసవిలో నాది పోయింది. ఫాఫ్సా 2024 జీతమే చూస్తుందట. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటు కూడా ఉంది, అది చెప్పాలా? ఇండియా ఆస్తి వాళ్లకెలా తెలుస్తుంది?
– పేరు వద్దు, డాలస్

జవాబు: మీ ఉద్యోగం సంగతి విని బాధేసింది. 2026-27 ఫారం 2024 పన్ను లెక్కే చూస్తుంది, మీరు అంకె మార్చలేరు. ఉన్నది ఉన్నట్టు సమర్పించి, తర్వాత ఎయిడ్ ఆఫీసుకి ఉద్యోగం పోయినట్టు లెటరూ ఇప్పటి ఆదాయం కాగితాలూ పంపి ప్రొఫెషనల్ జడ్జిమెంట్ రివ్యూ కావాలని అడగండి. ఆదాయాన్ని సవరించే అధికారం వాళ్లకుంది.

ప్లాటు చెప్పాల్సిందే. ఎలా తెలుస్తుందని అడిగారు చూడండి, ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. కింద సంతకం పెట్టేది మీరు, ఇబ్బందుల్లో పడేది మీ అబ్బాయి. మీరుండే ఇల్లూ, 401(కె) రిటైర్మెంట్ పొదుపూ లెక్కలోకి రావు. ఇండియాలో ప్లాటు, అద్దెకిచ్చిన ఫ్లాటు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు వస్తాయి, అప్పు పోగా మిగిలిన విలువ, ఈ రోజు డాలర్లలో. తల్లిదండ్రుల ఆస్తి ఎస్‌ఏఐని పెంచేది మహా అయితే 5.64 శాతం, అంటే లక్ష డాలర్ల ప్లాటుకి 5,640. దీని కోసమా అబద్ధం? అబ్బాయి పేరు మీద డబ్బుంటే అది 20 శాతం, అది చూసుకోండి ముందు.

మీవాళ్లకి హోటలో చిన్న కన్సల్టెన్సీయో ఉంటే ఒక మంచి కబురు, వందమందికి మించి ఫుల్‌టైమ్ ఉద్యోగులు లేని కుటుంబ వ్యాపారాన్నీ, నివాసమున్న కుటుంబ పొలాన్నీ 2026-27 నుంచి మళ్లీ లెక్కలోంచి తీసేశారు. తాతయ్య, అమ్మమ్మలు మనవడి చదువుకని పెట్టిన 529 పొదుపు ఖాతా కూడా ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేం ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు పాప అక్కడ పుట్టింది. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఇంటర్ రెండో ఏడు. మాకు అమెరికా ఆదాయమే లేదు. దానికి ఫాఫ్సా వస్తుందా? ఒక ఏజెంటు 300 డాలర్లు అడుగుతున్నాడు.
– హైదరాబాద్

జవాబు: వస్తుంది. పాప సిటిజన్, ఎస్‌ఎస్‌ఎన్ కార్డు ఇంట్లో ఎక్కడుందో వెతకండి, దాంతోనే పని మొదలు. మీ రూపాయల ఆదాయం డాలర్లలోకి మార్చి మీరే నింపాలి, సమ్మతి మీరూ ఇవ్వాలి. రూపాయల జీతం డాలర్లలో చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి పెల్ వచ్చే అవకాశం మీ అమెరికా చుట్టాలకంటే మీకే ఎక్కువ. ఒక్కటి గుర్తుంచుకోండి, ఏ రాష్ట్రంలోనూ నివాసం లేదు కనుక పబ్లిక్ యూనివర్సిటీలు ఎక్కువగా బయటివాళ్ల ఫీజే వేస్తాయి, పెల్‌తో అది తీరదు. ముందు ఆ బిల్లు ఎంతో కనుక్కోండి.

ఏజెంటుకి రూపాయి కూడా ఇవ్వకండి. ఫాఫ్సా పేరులో మొదటి అక్షరమే ఫ్రీ. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ అన్న సైటు ఒక్కటే అసలుది, పాప పాస్‌వర్డ్ ఆ ఏజెంటుకి ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది మార్చండి.