ఆటో ఖర్చు అమ్మ విన్నది

ఇచ్ఛాపురం దగ్గర్నుంచి ఒక తమ్ముడు రాశారు. అమ్మకు 63 ఏళ్లు. ఉద్దానంలో ఎంతోమందికి వచ్చిన కష్టమే, కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలని డాక్టరు చెప్పి నెల దాటింది. ఆమె ఒప్పుకోవడం లేదు. "నాకేటి వద్దురా, అల్లా ఉన్నాడు. నాలుగేసి గంటలు ఆ మంచం మీదుంటే నా నమాజు పోతాది" అంటోందట. అన్నయ్య విజయనగరం బాబామెట్ట దర్గాకి తీసుకెళ్లి దువా (ప్రార్థన) చేయించాడు. అమ్మ మాట విని ఊరుకుంటే పాపం ఆమెకా, మాకా అని తమ్ముడి ప్రశ్న.

పాపం ఎవరి ఖాతాలో పడుతుందో నన్నడక్కండి. ఆ లెక్క రాసేవాడు వేరే ఉన్నాడు.

నమాజు సంగతి మాత్రం తేలికే. పొద్దున్న షిఫ్టు అడగండి. తెల్లవారుజాము నమాజు ఫజర్ ఇంట్లో చదివి వెళ్తే మధ్యాహ్నం నమాజు జుహర్ వేళకి ఇంటికొచ్చేస్తారు. సూది చోట రక్తం ఆగాక మళ్లీ వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం) చేస్తే సరిపోతుంది. నీళ్లు పడకపోతే శుభ్రమైన మట్టితో చేసే తయమ్ముమ్ ఉంది. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చదవమన్నారు ప్రవక్త (స). మా అబ్బా (నాన్న) చివరి నెలల్లో మంచం మీదే చదివేవారు. నడుం వంచే రుకూకి తల కొంచెం, నేలకు నుదురు ఆనించే సజ్దాకి ఇంకాస్త వంచేవారు. ఒక్క పూటా వదల్లేదు.

ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ అల్లా మందు పెట్టాడు, వైద్యం చేయించుకోండి అన్న ప్రవక్త మాట (హదీసు) హదీసుల సంకలనం అబూ దావూద్‌లో ఉంది. దువా చేయించడం మంచిదే, అది సూదికి అడ్డం రాదు. మూర్ఛ జబ్బున్న ఒకామె ప్రవక్త దగ్గరకొస్తే, ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే నయం కావాలని దువా చేస్తానన్నారు. ఆమె ఓర్పే కోరుకుంది. బుఖారీ సంకలనంలో ఉందిది. కాబట్టి వైద్యం వద్దన్న ప్రతివారినీ పాపులనలేం. కానీ ప్రాణం నిలిపే వైద్యం అందుబాటులో ఉంటే వదలొద్దనే చాలామంది ఉలమా (మత పండితులు) చెబుతారు. పైగా ఆమెను ప్రవక్త అడిగారు. మీ అమ్మను ఎవరడిగారు?

మీ ఉత్తరం మూడో పేజీలో, చివర ఇరికించి ఒక మాట రాశారు. అన్నదమ్ములిద్దరూ వసారాలో కూర్చుని ఆటోకి ఎంతవుతుంది, ఎవరు సెలవు పెట్టాలి, వదినకు కుదురుతుందా అని గంటసేపు వాదించుకున్నారు. అమ్మ లోపల బియ్యం ఏరుతోంది. ఆ మర్నాడే వద్దంది. బాబూ, ఆవిడ భయం నమాజు గురించి కాదు, మీ ఇద్దరి గురించి. కొడుకులకు బరువవుతానని తల్లికి అనిపించాక అల్లా పేరు చెప్పి తప్పుకోవడం కన్నా మర్యాదైన దారి ఆవిడకు ఏముంది? నాకు కోపం వచ్చింది, దాచుకోను.

డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితం. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది. పలాసలో 2023 నుంచి కిడ్నీ ఆసుపత్రే ఉంది. ఇవి కనుక్కోకుండానే వాదించుకున్నారు మీరు.

విశాఖలో ఉద్యోగం అన్నారు కదా, ఈ శుక్రవారం రాత్రే బండెక్కండి. కాళ్ల వాపు, ఆయాసం పెరిగితే అంతవరకూ ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. అన్నను పక్కన కూర్చోబెట్టుకుని, చేయించుకుంటే ఏమవుతుందో, మానేస్తే ఏమవుతుందో డాక్టరు చేతే అమ్మకు చెప్పించండి. అంతా విన్నాక కూడా వద్దంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి. మొదటి రోజు మాత్రం మీరే తీసుకెళ్లండి. ఆటోవాడికి డబ్బులు ఆవిడ చూడకుండా ఇవ్వండి.